వృద్ధ తల్లిదండ్రులను అప్పగించే ముందు

(జుమా ప్రసంగ పాఠం, వజ్రకరూరు)

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని బలహీన స్థితిలో పుట్టించాడు, బలాన్ని ప్రసాదించాడు, తిరిగి వార్ధక్యపు బలహీనతలోకి మరలిస్తున్నాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బఅద్.

ప్రియమైన ధార్మిక సోదరులారా! తల్లిదండ్రుల పట్ల సద్వర్తన గురించి మీరు ఈ మింబర్ నుండి ఎన్నోసార్లు విన్నారు. ఈ రోజు ఆ విషయంలోని ఒక భాగాన్ని, బహిరంగంగా మాట్లాడటానికి మనం సంకోచించే భాగాన్ని మేము ప్రస్తావించదలచాము. మంచాన పడిన తండ్రిని, మతిమరుపు కమ్మిన తల్లిని ఒక నర్సింగ్ హోమ్‌లోనో వృద్ధాశ్రమంలోనో ఉంచవలసి వచ్చినప్పుడు, ఆ చోటు సురక్షితమో కాదో, అక్కడి సేవ సరైనదో కాదో మనం ఎలా తేల్చుకోవాలి? షరీఅత్ ఈ విషయంలో మనపై మోపే బాధ్యత ఏమిటి?

సంకోచానికి కారణం మనకు తెలుసు. తల్లిదండ్రులను బయట ఉంచడం మన సమాజంలో తలవంపుగా భావిస్తారు. కాబట్టి ఆ పని రహస్యంగా, తొందరగా జరిగిపోతుంది. రహస్యంగా జరిగే పనిలో విచారణ ఉండదు, నలుగురి సలహా ఉండదు. చివరకు ఆ నష్టాన్ని అనుభవించేది నోరు లేని వృద్ధులే.

మన ప్రాంతపు స్థితిని ఒక్కసారి చూడండి. అనంతపురం జిల్లా దేశంలోనే అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా నమ్మకం లేనిది. వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరాలలో యువకులు బెంగుళూరుకూ బళ్ళారికీ పనులకు తరలిపోతున్నారు. కొందరు గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. ఇంట మిగిలేది వయసు మళ్ళినవారు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు దాదాపు 10 కోట్ల 40 లక్షల మంది. పక్షవాతం వచ్చిన తండ్రిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని డాక్టరు చెబుతాడు. తిప్పేవాడు ఏడాదికి రెండు పండుగలకు మాత్రమే ఊరికి వస్తాడు. ఇది వాస్తవం. వాస్తవాన్ని కాదని చేసే ఉపదేశం వల్ల ఎవరికీ మేలు జరగదు.

మరి ధర్మం ఏమంటోంది? సూరా బనీ ఇస్రాయీల్ 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల సేవను ప్రస్తావించాడు. వారు వృద్ధాప్యానికి చేరినప్పుడు విసుగును సూచించే చిన్న శబ్దాన్ని కూడా నోట రానివ్వరాదన్నాడు. గమనించండి, ఆ ఆయతులో వారు మన వద్ద ఉండగా వృద్ధాప్యం రావడం గురించి ప్రస్తావన ఉంది. కనుక మొదటి మార్గం ఇంట్లో సేవ చేయడమే. అందులో సందేహం లేదు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ సేవ ప్రథమంగా సంతానం బాధ్యత. కొడుకు తన బాధ్యతను మొత్తంగా భార్య భుజాలపై దింపి, ఆమె అలసిపోయిన నాడు ఆమెను నిందించడం న్యాయం కాదు. కోడలు చేసే సేవ ఆమె ఔదార్యం. దానికి అల్లాహ్ వద్ద గొప్ప ప్రతిఫలం ఉంది. కాని ప్రళయదినాన ఆ తల్లిదండ్రుల గురించి ప్రశ్న ఎదురయ్యేది కన్నబిడ్డలకే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చొని డబ్బు ఎవరిది, శ్రమ ఎవరిది అన్నది ముందే పంచుకొంటే, అనేక కుటుంబాలలో బయట ఉంచే అవసరమే రాదు.

ఆ ప్రయత్నాలన్నీ చేసిన తర్వాత కూడా రాత్రింబవళ్ళు నర్సు అవసరమయ్యే జబ్బులు ఉంటాయి. అప్పుడు శిక్షణ పొందినవారి చేతికి అప్పగించడం పాపం కాదు. కాని అది అప్పగింత మాత్రమే, విడుదల కాదు. బాధ్యత మన మెడలోనే ఉంటుంది. ప్రతి వ్యక్తీ కాపరేననీ, తన పోషణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలనీ బుఖారీ, ముస్లింలలోని హదీసు మనకు నేర్పుతోంది. మందను వేరొకరికి కాపలా ఇచ్చిన కాపరి, మంద యజమానికి తానే లెక్క చెప్పాలి. ఇక సూరా నిసా 58వ ఆయతు అమానతులను అర్హులైనవారికే అప్పగించాలని ఆదేశిస్తోంది. పొలం పత్రాలను దాచుకొనే చోటు గురించి పదిమార్లు ఆలోచించే మనిషి, కన్నతల్లిని దాచుకొనే చోటు గురించి ఫోన్లో ఒక్క మాట అడిగి ఊరుకోవచ్చా?

అర్హత అంటే ఏమిటి? సూరా ఖసస్‌లో మద్‌యన్ వృత్తాంతం ఉంది. అక్కడ తండ్రి వృద్ధుడు; పశువులకు నీరు పెట్టే భారం కుమార్తెలపై పడింది. మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని ఒక కుమార్తె సలహా ఇస్తూ, పనివానిలో ఉండవలసిన రెండు గుణాలను పేర్కొన్నది: బలం, నమ్మకం. ఈ రెండే మన కొలబద్ద. బలం అంటే ఆ పని చేయగల సామర్థ్యం, చదువు, సాధనం. నమ్మకం అంటే ఎవరూ చూడనప్పుడు కూడా ఆ పని చేసే మనస్సు. శుచి, దయ ఉండి నర్సు లేని చోటు సరిపోదు. నర్సులు, యంత్రాలు ఉండి దయ లేని చోటూ సరిపోదు.

సోదరులారా! పరిశీలన ఎలా చేయాలో ప్రవక్త (స) స్వయంగా చేసి చూపారు. సహీహ్ ముస్లింలో అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉంది. ఆయన బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగారు. పైన ధాన్యం పొడిగా ఉంది. ఆయన చేతిని రాశి లోపలికి దూర్చారు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. మన వేరుశనగ వ్యాపారి కూడా మూటను పైనుండి చూసి ధర కట్టడు. చేయి అడుగుదాకా పెట్టి, కాయ పగలగొట్టి, గింజ చూస్తాడు. తొలకరి పడగానే మన ఊరి చేలలో వజ్రాల కోసం వెదికేవారు ఒక్కొక్క రాయినీ తిప్పి, తుడిచి, ఎండకు ఎత్తి చూస్తారు. తల్లిదండ్రులను ఉంచే చోటును ఆ మాత్రం శ్రద్ధతోనైనా చూడాలి. రంగు వేసిన గోడలు, గుమ్మం వద్ద సోఫాలు రాశి పైభాగం మాత్రమే. చేయి లోపలికి పెట్టండి.

మొదటగా, అనుమతి చూడండి. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002లో చేసిన చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ పత్రాన్ని అడిగి, గడువు తేదీ చూడండి. సందేహం ఉంటే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో విచారించండి. వృద్ధాశ్రమం ఆసుపత్రి కాదు. అక్కడ భోజనం, వసతి ఉండవచ్చు, వైద్యం ఉండకపోవచ్చు. కాబట్టి డాక్టరు ఎన్ని రోజులకు ఒకసారి వస్తారు, శిక్షణ పొందిన నర్సులు ఎందరు, రాత్రిపూట ఎందరు మెలకువగా ఉంటారు, అర్ధరాత్రి ఊపిరి ఆడకపోతే ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో తీసుకువెళతారు అని అడగండి. వైద్య విద్య తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు ఆ నష్టానికి బాధ్యుడని అబూ దావూద్‌లో హదీసు ఉంది. అర్హత గురించి అడగడం అవమానించడం కాదు, అది సున్నత్ నేర్పిన జాగ్రత్త.

రెండవది, అగ్ని, పతనం మొదలైన ప్రమాదాలు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ సంగతి విన్న ప్రవక్త (స) అగ్ని మనిషికి శత్రువని చెప్పి, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. ఇది బుఖారీ, ముస్లింలలో ఉంది. పిట్టగోడ లేని మిద్దెపై నిద్రించడాన్ని కూడా ఆయన వారించారు. కనుక భద్రత గురించి ఆలోచించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయాలి. బయటికి వెళ్ళే దారులు ఎన్ని? కిటికీలకు ఇనుప కమ్ములు వేసి, తలుపుకు రాత్రి తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి వద్ద ఉంటుంది? నడవలేనివారిని మేడపైన ఉంచారా? గ్యాస్ సిలిండర్లు, పరుపుల గుట్టలు మెట్ల కింద ఉన్నాయా? మంటలార్పే సాధనంపై తేదీ దాటిందా? స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మి ఉందా, నేల తడిగా జారుతున్నదా? ఇటువంటి తడి నేల మీద జారిపడితే వృద్ధుల తుంటి ఎముక విరగవచ్చు.

ఇవి ఊహించి చెబుతున్న భయాలు కావు. 2011 డిసెంబరులో కలకత్తాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నేలమాళిగలో పుట్టిన మంటల పొగ పై అంతస్తులకు చేరి సుమారు 90 మంది మరణించారు. 2020 ఆగస్టు 9న మన విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన హోటలులో మంటలు రేగి 10 మంది ప్రాణాలు కోల్పోయారు.

అన్నిటికన్నా మనం మరువరాని సంఘటన ఏర్వాడిది. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో ఏర్వాడి దర్గా ఉంది. మానసిక రోగులకు అక్కడ స్వస్థత కలుగుతుందన్న నమ్మకంతో దూర ప్రాంతాల నుండి కుటుంబాలు వచ్చేవి. ఎక్కువ రోజులు ఉండలేనివారు తమ మనిషిని అక్కడి ప్రైవేటు ఆశ్రమాలలో వదిలి, డబ్బు కట్టి వెళ్ళిపోయేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక ఆశ్రమంలో తాటాకుల పాకకు నిప్పు అంటుకొంది. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం అక్కడి అటువంటి ఆశ్రమాలను మూసివేసి, 500 మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకొన్నది. సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది.

సోదరులారా! ఆ 28 మందికీ కుటుంబాలు ఉన్నాయి. ఒక పవిత్ర స్థలం పేరు వినగానే, అక్కడ దైవభీతి ఉంటుందని తలచి, పాక ఎలాంటిదో చూడకుండా, గొలుసు ఎందుకని అడగకుండా తిరిగి వెళ్ళినవారు వారిలో ఉండరా? పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైనదని ప్రవక్త (స) తెలిపారు. పిల్లి విషయంలోనే ఇంతటి హెచ్చరిక ఉంటే, ఆదం సంతతి గురించి ఏమనాలి? నేడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. గడ్డం, టోపీ, బోర్డుపై బిస్మిల్లాహ్ చూసి పరిశీలన మానివేయకండి. ధర్మం పేరు పెట్టుకొన్న చోటును మరింత నిశితంగా చూడండి; అక్కడ లోపం జరిగితే ధర్మానికే మచ్చ.

మూడవది, రోజువారీ సేవ. చెప్పకుండా వెళ్ళండి, సాయంత్రం భోజనం వేళ, ఒకసారి ఆదివారం రాత్రి వెళ్ళండి. పిలుపుకు ఎంతసేపటికి మనిషి వస్తున్నాడో గమనించండి. మంచినీళ్ళ చెంబు వృద్ధుని చేతికి అందేలా ఉందా? మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. వయసు మళ్ళినవారికి దాహం తెలియదు, అడగనిదే నీళ్ళు ఇవ్వని చోట శరీరం ఎండిపోతుంది. కరెంటు పోతే ఫ్యాను, దీపం ఏమవుతాయి? అన్నం నమలలేనివారికి తినిపించే ఓపిక ఎవరికైనా ఉందా, లేక పళ్ళెం పెట్టి, కాసేపటికి తీసుకుపోతున్నారా? గోళ్ళు, జుట్టు, పళ్ళు శుభ్రంగా ఉన్నాయా? పగలంతా అందరూ మగతలో పడి ఉంటే, అది ముసలితనమా, నిద్రమాత్రలా అని అడగండి.

మీ తల్లిదండ్రులను ఉంచిన తర్వాత ప్రతి రాకలో మడమలు, నడుము కింది భాగం, తుంటి చూడండి. పక్కకు తిప్పని మనిషికి మొదట అక్కడే చర్మం ఎర్రబారి పుండు పడుతుంది. పరుపు పుండు సేవ ఎంత జరిగిందో చెప్పే సాక్షి; దానిని మాటలతో కప్పలేరు. మందుల పట్టీ అడగండి. ఏ మందు, ఎన్ని గంటలకు, ఎవరు ఇచ్చారన్నది పుస్తకంలో రాస్తున్నారా? పన్నెండవ శతాబ్దిలో దమస్కస్‌ను దర్శించిన ఇబ్ను జుబైర్, నూరుద్దీన్ స్థాపించిన ఆసుపత్రిలో ప్రతి రోగి పేరు, వారికయ్యే మందుల, ఆహారపు ఖర్చు పుస్తకాలలో నమోదయ్యేదనీ, వైద్యులు రోజూ ఉదయాన్నే వచ్చి పరీక్షించేవారనీ వివరించాడు. పదహారవ శతాబ్ది చివర హైదరాబాదులో కుతుబ్‌షాహీలు కట్టించిన దారుష్షిఫా ఆ సంప్రదాయానికి చెందినదే. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మన పెద్దలు పాటించిన పద్ధతిని నేటి సంస్థ నుండి కోరడం అత్యాశ కాదు.

పనిచేసే ఆయాలను కూడా చూడండి. ఒక్క ఆయా ఇరవై మందిని చూడగలదా? జీతం నెలనెలా అందుతున్నదా? కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది ప్రవక్త (స) బోధ. కూలి అందని చేతి నుండి మీ తల్లికి మృదుత్వం అందదు.

నాలుగవది, గౌరవం, ధర్మం, డబ్బు. స్త్రీలకు స్త్రీలే స్నానం చేయిస్తున్నారా? తెర ఉందా? తయమ్ముమ్‌కు వీలు, ఖిబ్లా దిక్కు చూపే మనిషి, హలాల్ ఆహారం ఉన్నాయా? రమజానులో ఉపవాసం ఉండలేని రోగి మందులు మానకుండా చూడండి. దానికి బదులు ఫిద్‌యా ఉంది. భాషను మరవకండి. మతిమరుపు ముదిరినవారు చివరకు ఇంటి భాషనే పట్టుకొంటారు. దక్కనీలో నీళ్ళు అడిగే తల్లిని కన్నడం మాత్రమే తెలిసిన ఆయా వద్ద వదిలితే, ఆమె అడిగినా అడగనట్లే. తెలుగే ఇంటి భాషగా గల మన దూదేకుల సోదరుల పెద్దలను ఉర్దూ మాత్రమే తెలిసిన చోట వదిలినా అంతే.

పెన్షన్ గురించి ఒక మాట. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000 రూపాయలు. ఆ సొమ్ము ఎవరి చేతికి పోతున్నది, వృద్ధుని కోసమే ఖర్చవుతున్నదా అన్నది చూడాలి. వేలిముద్ర ఏ కాగితంపై వేయించుకొంటున్నారో చూడాలి. నెలకు కట్టే రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో, ముందుగా ఇచ్చిన సొమ్ము ఎప్పుడు తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. లావాదేవీని రాసుకోమన్నది సూరా బఖరా ఆదేశమే కదా.

వీటన్నిటికన్నా ముందు ఆ పెద్దవారినే అడగండి. పసిబిడ్డను పాలు మాన్పించడానికి సైతం తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకోవాలని అల్లాహ్ నేర్పాడు. అటువంటప్పుడు జీవితమంతా ఒక ఇంటిని నడిపిన మనిషిని, ఆమెతో ఒక్క మాట చెప్పకుండా బండి ఎక్కించడం ఎంత అన్యాయం! చేర్చిన తర్వాత, సిబ్బంది లేనప్పుడు ఒంటరిగా కూర్చొని అడగండి. ఆయా రాగానే మాట ఆగిపోతే ఆ మౌనాన్ని వినండి.

చట్టం కూడా మనకు తోడుగా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం పోషణ లేని తల్లిదండ్రులు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు; లాయరు అవసరం లేదు. చూసుకొంటారన్న షరతుతో ఆస్తి రాసి ఇచ్చి మోసపోయినవారు ఆ రాతను రద్దు చేయించవచ్చు. సంరక్షించవలసినవారు వృద్ధులను వదిలివేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఏ ఆశ్రమంలోనైనా హింస, నిర్లక్ష్యం కనబడితే మీ తల్లిదండ్రులను మాత్రమే తీసుకొని మౌనంగా వచ్చేయకండి. పక్క మంచం మీద ఉన్నవారికి, వారు ఏ మతస్థులైనా, మీరే సాక్షులు. భిక్షమెత్తుతున్న ఒక యూద వృద్ధుని చూసి ఉమర్ (రజి) అతని చేయి పట్టుకొని తీసుకుపోయి, ప్రజా ఖజానా నుండి పోషణ ఏర్పాటు చేయించారు. వార్ధక్యం ఏ మతానికి చెందినదని ఆయన చూడలేదు.

చివరిగా, దూరం సంగతి. ఖందక్ యుద్ధంలో సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు బాణం గాయమైనప్పుడు ప్రవక్త (స) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు. దగ్గర నుండి తరచుగా పరామర్శించాలన్నదే ఉద్దేశం. గాయపడినవారికి సేవ చేసే రుఫైదా (రజి) ఉండగా కూడా ఆయన ఉదయం, సాయంత్రం స్వయంగా క్షేమం అడిగేవారు. మంచి నర్సు ఉంది కదా అని ఊరుకోలేదు. కాబట్టి హంగులు ఎక్కువగా ఉన్న దూరపు చోటు కన్నా, అన్ని విధాలా సురక్షితమై, మీరు వారానికి ఒకసారైనా వెళ్ళగల దగ్గరి చోటు మేలు. తరచుగా మనిషి వచ్చే వృద్ధునికి సేవ సరిగా అందుతుంది, ఇది లోకానుభవం. రానివ్వని చోటు, వేళలు కుదించే చోటు ఎంత మంచి పేరున్నా వదిలివేయండి.

మన జమాఅత్‌కు మేము ఒక సూచన చేస్తున్నాము. మన ఊరి పెద్దలు ఎవరెవరు ఏ ఊళ్ళో, ఏ ఆశ్రమంలో, ఏ ఆసుపత్రిలో ఉన్నారో మస్జిదు కమిటీ ఒక పట్టిక రాసుకోవాలి. గుంతకల్లుకో, ఉరవకొండకో, అనంతపురానికో పనిపై వెళ్ళేవారు వంతుల వారీగా వారిని చూసి రావాలి. కొడుకు కువైట్‌లో ఉంటే, అతని తరఫున మడమలు చూసే కళ్ళు మనవి కావాలి. ఇంట్లోనే సేవ చేస్తున్న కుటుంబానికి నెలకు రెండు రోజులు విశ్రాంతి దొరికేలా బంధువులు, ఇరుగుపొరుగు ముందుకు రావాలి. పేద రోగుల ఖర్చుకు అర్హులైతే జకాత్ ఇవ్వవచ్చు. అయితే మీ స్వంత తల్లిదండ్రుల పోషణకు మీ జకాత్ చెల్లదు, అది మీ విధి.

అల్లాహ్! మా పసితనంలో మా తల్లిదండ్రులు మాపై చూపిన దయకు ప్రతిగా వారిపై నీ కారుణ్యాన్ని కురిపించు. మంచాన ఉన్నవారికి స్వస్థతను, సేవ చేసే చేతులకు ఓర్పును ప్రసాదించు. నీవు మాకిచ్చిన అమానతులను అర్హులకే అప్పగించే వివేకాన్ని, అప్పగించిన తర్వాత కూడా మరువని హృదయాన్ని మాకివ్వు. మేము బలహీనులమైన నాడు మమ్మల్ని దయగలవారి చేతుల్లో ఉంచు. మా ఈ ఎండిన నేలపై మేలైన వర్షాన్ని కురిపించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.